కృష్ణకు ఈవలి గట్టున

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



పూర్వము మన ఇండ్లలో కుమార్తెను అత్తవారింటికి పంపవలెనన్న, ఉభయ పక్షముల పెద్దలు కూర్చుండి ఒక దినమును అనుకొనెడివారు. శరణులకు అన్ని దినములును శుభదినములే గనుక, మాట కుదిరిన దినమే మంచి దినము. ఒడిబియ్యము పోసి, నొసట విభూతి ఉంచి, బండి ఎక్కించెడివారు. కన్నీరు కార్చిన తల్లికి సహితము కుమార్తె ఏ నాటికి ఏ ఊరు చేరునో తెలిసియుండెడిది.

నేడు పలు ఇండ్లలో ఆ దినమును పెద్దలు నిర్ణయించుట లేదు. సముద్రమునకు ఆవల నున్న ఒక కార్యాలయము నిర్ణయించుచున్నది. వివాహము జరిగినది, మంగళసూత్రము మెడలో నున్నది, గురువును జంగమమును సాక్షులుగా నిలిచిరి. అయినను భర్త ఒక ఖండమున, భార్య ఒక ఖండమున. నడుమ వీసా అను ఒక కాగితము. అది వచ్చువరకు ఆ బిడ్డ పుట్టినింటి పిల్లయు కాదు, మెట్టినింటి కోడలును కాదు అన్నట్లు లోకము చూచుచున్నది. ఈ నిరీక్షణమును గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొనుటకే ఈ ఉపన్యాసము.

జహీరాబాదు ప్రాంతమున నే నెరిగిన ఒక శరణ కుటుంబము కలదు. వారి కుమార్తె పాఠశాలలో ఉపాధ్యాయురాలు. ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్న్ నగరమున శాశ్వత నివాసపు హక్కు పొంది ఉద్యోగము చేయుచున్న యువకునితో ఆమెకు వివాహమైనది. మూడు వారములు కలిసియుండిరి. అతడు సెలవు ముగియగానే వెళ్ళెను. దరఖాస్తు పెట్టిరి. నేను వారి ఇంటికి వెళ్ళిన నాటికి పదునాలుగు మాసములు గడచినవి. పూజానంతరము ఆ బిడ్డ నాకు నమస్కరించి ఇట్లు అడిగెను: “అయ్యగారూ, అందరును నన్ను ఓర్పు పట్టుమనుచున్నారు. మీరును అదే అంటిరి. ఓర్పు పట్టి నేను చేయవలసిన పని యేమి?”

నేను ఉత్తరము చెప్పలేకపోతిని. “అంతయు శివుని చిత్తము, తల్లీ” అని లేచి వచ్చితిని. త్రోవ పొడవున ఆ మాట నన్నే గ్రుచ్చుచుండెను. ప్రశ్నను తప్పించుకొనుటకు శివుని నామమును అడ్డము పెట్టుకొంటినని నాకు తెలిసినది. ఆనాడు చెప్పవలసి చెప్పని మాటలను ఇప్పుడు చెప్పుచున్నాను.

ముందుగా ఆ కార్యాలయము అడుగునదేమో తెలిసికొందము. తెలియనిదానిని గూర్చిన భయము రెండింతలుగా నుండును. ఆ దేశపు పౌరుడు గాని, శాశ్వత నివాసి గాని తన భార్యను పిలిపించుకొనవలెనన్న, ఆమె ఈ దేశము నుండి ఒకే దరఖాస్తుతో రెండు వీసాలను కోరును. మొదటిది 309వ తరగతి, తాత్కాలికము. రెండవది 100వ తరగతి, శాశ్వతము. సాధారణముగా దరఖాస్తు పెట్టిన రెండు సంవత్సరముల పిమ్మట గాని రెండవదానిని విచారింపరు. రుసుము తొమ్మిది వేల ఆస్ట్రేలియా డాలర్లను మించినది. వ్రేలిముద్రలు ఇయ్యవలెను, వైద్యపరీక్ష చేయించుకొనవలెను, పోలీసువారి ధ్రువపత్రము తేవలెను. ఇవి యన్నియు అయిన పిమ్మటను పలువురికి సంవత్సరము దాటుచున్నది.

ఆ దేశము 1994లో చేసికొన్న నిబంధనలలో, దంపతుల సంబంధము నిజమైనదా కాదా అని తెలిసికొనుటకు నాలుగు విషయములను పరిశీలింపవలెనని యున్నది. ధనమును ఎట్లు పంచుకొనుచున్నారు? గృహనిర్వహణము ఎట్లు? బంధుమిత్రులు వీరిని దంపతులుగా ఎరుగుదురా? ఒకరియెడ ఒకరికి గల నిబద్ధత ఎట్టిది? ఈ నాలుగింటికిని ఉత్తరములు, ఫొటోలు, బ్యాంకు కాగితములు, ఎరిగినవారి వాఙ్మూలములు జతపరుపవలెను.

మన తల్లులు దీనిని విని, “మా బిడ్డ కాపురమునకు కాగితముల సాక్ష్యమా!” అని నొచ్చుకొందురు. ఆ బాధ సహజమే. అయినను ఆలోచింపుడు. ఎచ్చటనో కూర్చున్న అధికారికి మన పందిరి కనబడదు. మన జంగమయ్య పలికిన ఆశీర్వచనము వినబడదు. అతడు చూడగలిగినది కాగితమునే. కాగితము ఒక దేశములో అడుగు పెట్టుటకు అనుమతి ఇయ్యగలదు, నిరాకరింపగలదు. దాంపత్యమును కట్టుటకు గాని త్రెంచుటకు గాని దానికి శక్తి లేదు. ఈ రెండింటి భేదమును మరచినందువలననే మన ఇండ్లలో సగము దుఃఖము కలుగుచున్నది. వీసా రాలేదన్న వార్తను వివాహమే కాలేదన్న వార్తగా మనము వినుచున్నాము.

ఇచ్చట నీలాంబికాదేవి కథను స్మరింపవలెను. కళ్యాణమున అల్లకల్లోలము చెలరేగిన కాలమున బసవేశ్వరులు ఆ పట్టణమును విడిచి, కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమమునకు వెళ్ళిరి. ధర్మపత్ని నీలాంబిక కళ్యాణముననే నిలిచిపోయినది. కొంతకాలమునకు ఆమెను తోడ్కొని రమ్మని హడపద అప్పణ్ణను పంపిరని కన్నడదేశపు శరణ సంప్రదాయము చెప్పుచున్నది. ఆ తల్లి అప్పణ్ణతో బయలుదేరి కృష్ణకు ఈవలి గట్టున నున్న తంగడగి గ్రామము వరకు వచ్చినది. సంగమక్షేత్రము ఆవలి గట్టున నున్నది. నడుమ నది. అంతలో బసవేశ్వరులు లింగైక్యులైరన్న వార్త ఆమె చెవి సోకినది.

ఆమె నదిని దాటలేదు. సంగమనాథుడు ఆవలి గట్టున మాత్రమే యున్నాడా, ఈ గట్టున లేడా అని ఆ తల్లి తనలో తాను ప్రశ్నించుకొన్నదట. ఇష్టలింగమును కరస్థలమున నిలుపుకొని తంగడగిలోనే ఐక్యము పొందినది. నేటికిని ఆ ఊరు ఆమె పేరున పుణ్యభూమియై యున్నది. ఆ కృష్ణమ్మయే దిగువకు ప్రవహించి మన శ్రీశైలము పాదమును తాకుచున్నది.

భర్తకొరకు ఎదురుచూచుచున్న బిడ్డకు ఈ కథ చెప్పవచ్చునా, దీని ముగింపున దంపతులు కలిసికొనలేదు కదా అని మీలో కొందరు తలంపవచ్చును. నేనును తలంచితిని. నేను ఈ కథను దాని ముగింపుకొరకు చెప్పుట లేదు. మన బిడ్డలందరును నదిని దాటవలెను, భర్తలను చేరవలెను, ఇండ్లు నిలుపుకొనవలెను. అదియే నా ప్రార్థన. కథను చెప్పినది ఆ తల్లి అడిగిన ప్రశ్నకొరకు. శివుడు ఆవలి గట్టున మాత్రమే యున్నాడా? నా జీవితము అచ్చటికి పోయిన పిమ్మట గాని ఆరంభము కాదా? నేడు నా యెదుట నున్న ఈ దినము లెక్కలోనిది కాదా? ఎదురుచూచువారు ప్రతి దినము ఉదయమున ఈ ప్రశ్నను తమకు తాము వేసికొనవలెను.

మన మతమున గురువు శిష్యునకు లింగమును చేతికే ఇచ్చెను. దానిని చూచుటకు గుడికి పోనక్కరలేదు, ఊరు దాటనక్కరలేదు. మెల్బోర్నులో ఆ యువకుని యెదమీద నున్నది, జహీరాబాదులో ఈ బిడ్డ యెదమీద నున్నది. ఏ దేశపు అధికారి అనుమతియు దానికి అవసరము లేదు.

ఆ నగరపు గడియారము మన గడియారముకంటె నాలుగున్నర గంటలు ముందు నడచును. అక్టోబరు మొదటి ఆదివారము నుండి ఏప్రిల్ మొదటి ఆదివారము వరకు అయిదున్నర గంటలు ముందు నడచును. ఈమె ఉదయము అయిదు గంటలకు పూజకు కూర్చున్నప్పుడు అతడు అక్కడ పనిలో నుండును. అతడు సాయంకాలము ఏడు గంటలకు ఇల్లు చేరినప్పుడు ఇచ్చట మధ్యాహ్నపు భోజనము ముగిసిన వేళ. ఇద్దరికిని ఒకే సమయము దొరకదు. అందువలన వారిలో వారికి ఫోనులో కలహములు కూడ వచ్చినవి. “నీవు మాటలాడలేదు”, “నీవు నిద్రపోయితివి” అని. అది ప్రేమ లేమి కాదు, గడియారపు దోషము. ఒకే గంటకు పూజ కుదరకున్నను, ఎవరి వేళకు వారు లింగమును కరమున నిలిపి, రెండవవారిని ఆ శాంతిలో స్మరించిన చాలునని వారికి చెప్పవలెను. కలహముతో ఫోను మూసిన రాత్రికంటె, స్మరణముతో ముగిసిన రాత్రి మేలు.

ఇక “చేయవలసిన పని యేమి” అన్న ప్రశ్న. దీనికి బసవధర్మమున ఉత్తరము సిద్ధముగనే యున్నది. కాయకము.

ఆ బిడ్డ వివాహమైన మాసముననే పాఠశాల ఉద్యోగమును మానివేసినది. “నేడో రేపో వీసా వచ్చును, ఏల ఈ పని” అని ఇంటివారనిరి. నేడో రేపో అన్న మాట పదునాలుగు మాసములైనది. ఆమె ఉదయము లేచి ఫోను చూచును, దరఖాస్తు స్థితి చూచును, మరల చూచును. ఇరుగుపొరుగువారు “ఎప్పుడమ్మా ప్రయాణము?” అని అడుగుదురని గడప దాటుట మానినది. పెట్టె సర్దియే యున్నది. ఆ పెట్టెలోనే ఆమె జీవితమును సర్ది మూతపెట్టినట్లున్నది.

శరణులు కాయకమును జీవనోపాయముగ మాత్రమే చూడలేదు. చేయు పనిలో శివుడున్నాడని చూచిరి. కావున కాయకమునకు తాత్కాలికము శాశ్వతము అన్న భేదము లేదు. ఆరు మాసములలో విడువవలసిన పనియైనను నేటికి అది పూర్ణమైన పూజయే. ఆమె పాఠము చెప్పిన పిల్లవాడు ఎక్కములు నేర్చుకొన్నచో, ఆ పిల్లవానికి అవి జీవితాంతము ఎక్కములే. టీచరమ్మకు వీసా వచ్చినదా లేదా అని వాడు అడుగడు. ఉద్యోగము దొరకనివారు భాష నేర్చుకొనవచ్చును, కుట్టుపని నేర్చుకొనవచ్చును, మఠమున దాసోహపు సేవ చేయవచ్చును. ఓర్పు అనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. నేటి పనిని నేడు నిండు మనస్సుతో చేయుటయే ఓర్పు.

రెండవ మాట సత్యమును గూర్చినది. నిరీక్షణము దీర్ఘమైనకొలది మధ్యవర్తులు బయలుదేరుదురు. ఈ ఇంటికిని ఒకడు వచ్చెను. “మీ ఫొటోలు చాలవు. కలిసి తిరిగినట్లు క్రొత్త ఫొటోలు, ఉమ్మడి ఖాతా నడిపినట్లు పాత తేదీల కాగితములు నేను సృష్టించి ఇత్తును, పని త్వరగా అగును” అనెను. తండ్రి మనస్సు కొంత చలించినది. కుమార్తె కన్నీరు చూచుచున్న తండ్రి చలించుట వింత కాదు.

కళ్యాణమున ఆయ్దక్కి మారయ్య శరణుల ముంగిళ్ళలో రాలిన బియ్యమును ఏరి తెచ్చి దాసోహము నడిపెడివాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ధర్మపత్ని లక్కమ్మ మూటను చూడగనే గుర్తించి, మనకు చాలినదానికి మించిన ఆశ ఏల అని మందలించి, ఎక్కువైనదానిని తిరిగి పోసి రమ్మనెను. మారయ్య అట్లే చేసెను. ఇది దంపతులకు ఇద్దరికిని పాఠము. తనది కానిదానిని చేర్చి మూటను బరువు చేసికొనరాదు. ఉన్న పది ఫొటోలు నిజమైనచో ఆ పదియే పంపవలెను. మూడు వారములే కలిసియున్నచో మూడు వారములని వ్రాయవలెను. ఫోనులో మాటలాడినది, డబ్బు పంపినది, పండుగనాడు అత్తగారింటికి వెళ్ళి నిలిచినది, ఇవన్నియు నిజమైన సాక్ష్యములే. లోకదృష్టిని చూచినను ఇదియే మేలు. దొంగకాగితము పెట్టినట్లు తేలినచో ఆ దేశము దరఖాస్తును త్రోసివేయుటయే కాక, మూడు సంవత్సరముల వరకు పలు తరగతుల వీసాలకు అడ్డు కలుగును. ఒక సంవత్సరపు నిరీక్షణమును తప్పించుకొనబోయి మూడు సంవత్సరముల చెరను తెచ్చుకొనుట అగును.

ఈ సందర్భమున తండ్రులకు ఒక విన్నపము. వివాహము కాగానే దానిని ప్రభుత్వ కార్యాలయమున నమోదు చేయింపుడు. అన్ని మతములవారి వివాహములును నమోదు కావలెనని 2006లో సుప్రీంకోర్టు ఆదేశించినది. మన తెలుగునాట 2002 నాటి చట్టమే కలదు. పాస్‌పోర్టులో నొక విధముగను, పత్రికలో నొక విధముగను, ధ్రువపత్రములో నింకొక విధముగను ఇంటిపేరు వ్రాయించి, పిమ్మట మాసముల తరబడి తిరుగుచున్నవారిని చూచుచున్నాను. సంబంధము కుదుర్చుకొను ముందే వరుడు ఆ దేశమున ఏ హోదాతో నున్నాడో అడుగుడు. శాశ్వత నివాసియా, విద్యార్థియా, తాత్కాలిక ఉద్యోగియా అన్నదానిని బట్టి భార్య వెళ్ళు మార్గమే మారును. జీతమెంత అని అడుగుటకు సంకోచింపనివారు ఇది అడుగుటకు సంకోచించుట ఏల?

మూడవ మాట అత్తమామలను గూర్చినది. ఈ బిడ్డకు అత్తగారు ఒకనాడు ఫోనులో, “నీవు కాలు పెట్టిన వేళ ఎట్టిదో, మావాని కాగితము కదలుటయే లేదు” అనినదట. తల్లులారా, ఈ మాట బసవన్న ఇంట పలుకదగినదా? వేళలు, శకునములు, అడుగుల దోషములు అన్న మూఢత్వమును త్రోసివేసి కదా శరణులు కళ్యాణమును నిర్మించిరి! పనిభారముచేత ఒక కార్యాలయమున దస్త్రము ఆగిపోయినచో, దానికి ఇచ్చట ఒక ఆడపిల్ల పాదము కారణమా? ఇంటి నడుమ కూర్చుండి ఆ మాట అనిన ఆ తల్లియు దుష్టురాలు కాదు. కుమారుడు పరదేశమున ఒంటరిగా వండుకొని తినుచున్నాడన్న దిగులు ఆ రూపమున బయలువెడలినది. దిగులును దిగులుగనే చెప్పుడు, నింద చేయకుడు. “నాకును బెంగగా నున్నది, కోడలా, నాలుగు దినములు మా ఇంటికి వచ్చి యుండుము” అనిన ఎంత బాగుండును! పిలిచిన ఆ నాలుగు దినములే ఆ బిడ్డకు సగము వీసా.

ఇరుగుపొరుగువారికిని ఒక మాట. “ఎప్పుడు ప్రయాణము?” అని అడుగుట మానుడు. ఆమెకు తెలిసినచో మీకు చెప్పకయే యుండునా? “నేడు బడిలో ఏమి చెప్పితివి?” అని అడుగుడు.

నాలుగవ మాట పరదేశమున నున్న కుమారులకు. నాయనా, నీ కష్టము మాకు తెలియును. నలుగురితో కలిసి అద్దె ఇంట నుండి, ఖర్చులకు చాలక సెలవు దినమునను పని చేయుచు, రుసుము కట్టిన అప్పును తీర్చుచు, “అంతయు బాగున్నది” అని ఇంటికి చెప్పుచున్నావు. ఆ మాట భార్యకు చెప్పకుము. ఆమెకు నిజము చెప్పుము. దరఖాస్తు సంఖ్యను, కట్టిన రసీదును, వచ్చిన ప్రతి ఉత్తరమును ఆమెకు పంపుము. నీవు ఎచ్చట నుందువో, ఎవరితో నుందువో ఆమెకు తెలియవలెను. దూరము ఆమెను నీనుండి వేరుచేయుట కంటె, తెలియకపోవుట ఎక్కువగా వేరుచేయును.

ఇచ్చటనే ఒక కఠినమైన విషయమును చెప్పక తప్పదు. అన్ని నిరీక్షణములును నిరీక్షణములు కావు. దరఖాస్తు పెట్టెనన్న మాటయే కాని రసీదు చూపనివాడు, మాసముల తరబడి ఫోను ఎత్తనివాడు, కట్నపు శేషము వచ్చిన గాని పిలువననువాడు కలడు. అట్టివానికొరకు ఎదురుచూడుమని బిడ్డకు బోధించుట ధర్మము కాదు, ఓర్పు పేర జరుగు అన్యాయము. అప్పుడు మఠములు, పెద్దలు మౌనము వహింపరాదు. పరదేశమున నున్న భర్తలచే విడువబడిన స్త్రీల మొరలను వినుటకు జాతీయ మహిళా కమిషనునందు 2009 నుండి ఒక ప్రత్యేక విభాగము కలదు. గౌరవము పోవునని దాచుకొనక, బిడ్డను వెంటబెట్టుకొని మొర పెట్టుడు. తప్పు చేయనివారికి పోవు గౌరవము లేదు.

బంధువులారా, ఆ ఇంటికి నేను రెండవసారి వెళ్ళి, మొదటిసారి చెప్పని ఈ మాటలను ఆ బిడ్డకు చెప్పితిని. “తల్లీ, ఆనాడు నీ ప్రశ్నకు ఉత్తరము చెప్పలేక శివుని పేరు చెప్పి తప్పించుకొంటిని” అని ఒప్పుకొంటిని. ఆమె నవ్వి, “మీరు లేచిపోయిన తీరు చూచి నాకును తెలిసినది, అయ్యగారూ” అనెను. మధ్యవర్తిని తండ్రి పంపివేసెను. జూను మాసమున బడులు తెరచునప్పుడు ఆమె తిరిగి పనిలో చేరినది.

మొన్న దాసోహమునకు వచ్చినప్పుడు చూచితిని. వీసా ఇంకను రాలేదు. పంక్తిలో వడ్డించుచు, నడుమ ఒకసారి ఫోను చూచుకొని మరల గరిటె అందుకొన్నది. “పెట్టె సర్దియే యున్నదా?” అని అడిగితిని. “చీరలు తీసి కట్టుకొనుచున్నాను, అయ్యగారూ. పిలుపు వచ్చిననాడు మరల సర్దుకొందును” అనెను.

నేను వేదికలమీద చెప్పు మాటలకంటె ఈ మాట మేలైనది. ఆ పిలుపు త్వరగా వచ్చుగాక. ఇట్లు ఎదురుచూచు ప్రతి ఇంటికిని వచ్చుగాక. వచ్చువరకు, ఈవలి గట్టున నున్న శివుడు వారి కరస్థలమున వెలుగొందుగాక.